పెన్సిల్వేనియాలో మెడికల్ మారిజువానా కార్డు: తెలుగు రోగులకు, వారి కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

2016 ఏప్రిల్ 17న అప్పటి గవర్నర్ టామ్ వుల్ఫ్ సంతకం చేసిన 16వ నంబరు చట్టంతో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో వైద్యుడి పర్యవేక్షణలో గంజాయిని (మారిజువానాను) మందుగా వాడుకోవడానికి దారి ఏర్పడింది. 2018 ఫిబ్రవరి నుండి రాష్ట్రం అనుమతించిన డిస్పెన్సరీల్లో, అంటే ఈ మందు అమ్మే దుకాణాల్లో, అది రోగులకు దొరుకుతోంది. కొనాలంటే రాష్ట్ర ఆరోగ్య శాఖ ఇచ్చే గుర్తింపు కార్డు ఉండాలి. ఫిలడెల్ఫియా శివార్లలోని ఎక్స్‌టన్, మాల్వర్న్ మొదలుకొని హారిస్‌బర్గ్, పిట్స్‌బర్గ్ దాకా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కీమోథెరపీ వాంతులతో తిండి సహించనివారు, మందులకు లొంగని మూర్ఛతో బాధపడే పిల్లలు, నరాల నొప్పితో రాత్రుళ్లు నిద్రపట్టని పెద్దలు ఉన్నారు. మన వార్తల్లో గంజాయి అంటే విశాఖ మన్యం నుండి తరలిస్తూ పట్టుబడిన సరుకే కనుక, జబ్బుపడిన మనిషి ఇంట్లో ఆ మాట ఎత్తడానికే సంకోచిస్తాడు. ఎవరినీ అడగలేక, ఎవరో తెచ్చి ఇచ్చిన లేబుల్ లేని సీసాను రహస్యంగా వాడతాడు. ఆ పరిస్థితి ఎవరికీ రాకూడదనే ఇక్కడ ప్రతి అడుగునూ వివరంగా రాస్తున్నాను.

రాష్ట్రం చెప్పే విధానంలో నాలుగు అడుగులున్నాయి: రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోవడం, వైద్యుడి చేత ధ్రువీకరణ పొందడం, ఫీజు కట్టి కార్డు తీసుకోవడం, డిస్పెన్సరీకి వెళ్లడం. తెలుగువారి విషయంలో ఈ నాలుగింటికీ ముందు మరొక అడుగు ఉంది. దానిని దాటకుండా మొదటి అడుగు వేయడం ప్రమాదకరం కనుక, దానితోనే మొదలుపెడుతున్నాను.

అన్నిటికంటే ముందు: మీ పౌరసత్వం, మీ వీసా

మీరు అమెరికా పౌరులు కాకపోతే, అంటే హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1, ఎల్1 వీసాల మీద గానీ గ్రీన్ కార్డు మీద గానీ ఉంటే, ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా ఈ కార్డుకు దరఖాస్తు చేయవద్దు. ఇక్కడ నేను ఇచ్చే సలహాల్లో అతి ముఖ్యమైనది ఇదే.

కారణం ఇది. కార్డు ఇచ్చేది రాష్ట్రం. వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం మాత్రం ఫెడరల్, అంటే కేంద్ర, ప్రభుత్వం చేతిలో ఉంటాయి. 1970 నాటి ఫెడరల్ మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం మారిజువానాను అత్యంత కఠినమైన మొదటి షెడ్యూల్లో పెట్టింది. దానిని మూడో షెడ్యూలుకు మార్చాలన్న ప్రతిపాదన 2024 మే నెలలో వెలువడింది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇమ్మిగ్రేషన్ చట్టం ఏ షెడ్యూలు అని చూడదు; నియంత్రిత పదార్థాల జాబితాలో ఉంటే చాలు, దానికి సంబంధించిన ఉల్లంఘనను ఉల్లంఘనగానే లెక్కిస్తుంది. కాబట్టి షెడ్యూలు మారిందన్న వార్త చదివి, ఇక మన వీసాకు ఢోకా లేదని అనుకోకూడదు.

కోర్టులో నేరం రుజువైతేనే చిక్కు అని కూడా అనుకోవద్దు. నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఉల్లంఘించినట్లు అధికారి ముందు మీరే ఒప్పుకున్నా, దేశంలోకి ప్రవేశార్హత కోల్పోవడానికి ఇమ్మిగ్రేషన్ చట్టంలో అవకాశం ఉంది. హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ కోసం నింపే డీఎస్-160 దరఖాస్తులో, నియంత్రిత పదార్థాలకు సంబంధించిన ఏ చట్టాన్నైనా ఎప్పుడైనా ఉల్లంఘించారా అనే ప్రశ్న నేరుగా ఉంటుంది. పర్సులో కార్డు ఉన్న మనిషి ఆ ప్రశ్నకు ఏమని జవాబివ్వాలి? అవునంటే ఒక చిక్కు. కాదంటే అంతకంటే పెద్ద చిక్కు, ఎందుకంటే వీసా కోసం అబద్ధం చెప్పినట్లు తేలితే శాశ్వత నిషేధం దాకా పోవచ్చు. విమానాశ్రయంలో సరిహద్దు అధికారులు ఫోను, పర్సు పరిశీలించినప్పుడు కూడా ఇవే ప్రశ్నలు ఎదురుకావచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారు సైతం ఇండియా వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు దీనికి అతీతులు కారు.

పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోబోయేవారికి మరొక విషయం. రాష్ట్ర చట్టం అనుమతించినా సరే, ఫెడరల్ చట్టం ప్రకారం నేరమయ్యే మారిజువానా కార్యకలాపాలు మంచి నడవడి నిరూపణకు అడ్డంకి కాగలవని ఇమ్మిగ్రేషన్ సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్ 19న తన విధాన పత్రంలో స్పష్టం చేసింది. ఆ నడవడిని సాధారణంగా గడచిన 5 ఏళ్లకు, అమెరికా పౌరులను పెళ్లాడి ఆ కోవలో దరఖాస్తు చేసేవారికి 3 ఏళ్లకు చూస్తారు. మందు వాడిన మనిషికే కాదు, డిస్పెన్సరీలోనో సాగు కంపెనీలోనో ఉద్యోగం చేసిన మనిషికీ ఇది వర్తిస్తుంది. ఓపీటీ (చదువు ముగిశాక ఇచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం వెతుకుతున్న విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి.

పెన్సిల్వేనియా డ్రైవింగ్ లైసెన్సు హెచ్‌1బీ మీద ఉన్నవారికీ దొరుకుతుంది కనుక, రిజిస్ట్రీ దృష్టిలో వారు రాష్ట్ర నివాసులే. దరఖాస్తు ఎక్కడా ఆగకుండా సాగిపోతుంది. అలా సాగిపోవడమే ప్రమాదం. రాష్ట్ర చట్టం రోగుల వివరాలను గోప్యంగా ఉంచుతుంది, సమాచార హక్కు కింద ఎవరికీ ఇవ్వదు. ఆ గోప్యత రాష్ట్రం వరకే పనికొస్తుంది. కాన్సులేట్‌లో అడిగే ప్రశ్నకు అది జవాబు కాదు.

పౌరసత్వం లేని రోగికి మరి దారే లేదా అంటే, ఉంది. ఫెడరల్ ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మందులు కొన్ని ఉన్నాయి. మామూలు ప్రిస్క్రిప్షన్ మీద మామూలు ఫార్మసీలో దొరుకుతాయి, వీసాతో పేచీ ఉండదు. లెనాక్స్-గాస్టాట్, డ్రావే అనే తీవ్రమైన మూర్ఛ వ్యాధులకు ఎపిడియోలెక్స్ అనే సీబీడీ (గంజాయిలోని మత్తు కలిగించని పదార్థం) ద్రావణాన్ని 2018 జూన్‌లో ఆమోదించారు. ట్యూబరస్ స్క్లెరోసిస్ వల్ల వచ్చే మూర్ఛలకు 2020లో అనుమతి ఇచ్చారు. డ్రోనాబినాల్ అనేది ప్రయోగశాలలో తయారైన టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తు కలిగించే పదార్థం. ఇతర మందులకు తగ్గని కీమోథెరపీ వాంతులకు, ఎయిడ్స్ రోగుల్లో ఆకలి మందగించి బరువు తగ్గడానికి దానిని ఇస్తారు. మీ డాక్టరు గారితో ముందు వీటి గురించే మాట్లాడండి. చాలామందికి ఇవి ఉన్నాయన్న సంగతే తెలియదు.

మీకు అర్హత ఉందా

ఈ కింది వివరాలు అమెరికా పౌరులను, లాయరు సలహా తీసుకున్న ఇతరులను దృష్టిలో పెట్టుకొని రాసినవి. అర్హతకు రెండు షరతులు: పెన్సిల్వేనియా నివాసి కావాలి, చట్టం గుర్తించిన తీవ్రమైన జబ్బులలో ఒకటి ఉండాలి. పిల్లల దగ్గరకు విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు నివాసులు కారు. వారి మోకాళ్ల నొప్పుల కోసం ఈ దారి వెతకవద్దు, మీ కార్డు మీద కొన్నది వారికి ఇవ్వవద్దు. ఒకరి పేరున కొన్న మందును మరొకరికి ఇవ్వడం ఈ చట్టం కింద నేరం.

జబ్బుల జాబితాలో క్యాన్సర్, మూర్ఛ, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్‌సన్స్, గ్లాకోమా, క్రోన్స్ వ్యాధి, పేగు పూత వ్యాధులు, నరాల వ్యాధులు, హెచ్ఐవీ, సికిల్ సెల్, ఆటిజం, పీటీఎస్‌డీ (తీవ్ర ఆఘాతం తరువాతి మానసిక వ్యాధి), ఓపియాయిడ్ (నల్లమందు తరహా మందుల) వ్యసనం, తీవ్రమైన దీర్ఘకాలిక నొప్పి మొదలైనవి ఉన్నాయి. ఆందోళన రుగ్మతలను, టూరెట్ సిండ్రోమ్‌ను 2019లో చేర్చారు. జాబితా అప్పుడప్పుడు పెరుగుతుంటుంది కనుక, తాజా రూపాన్ని ఆరోగ్య శాఖ పేజీలోనే చూడండి. జబ్బు పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన సరిపోదు. మీకు ఆ జబ్బు ఉన్నట్లు వైద్య రికార్డుల్లో కనిపించాలి.

మొదటి అడుగు: రిజిస్ట్రీలో నమోదు

రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ఆరోగ్య శాఖ పేజీ తెరిచి, అక్కడున్న లింకు ద్వారానే రోగులు, సంరక్షకుల రిజిస్ట్రీలోకి వెళ్లండి. గూగుల్‌లో వెతికితే మొదట కనిపించేవి ఎక్కువగా ప్రైవేటు కంపెనీల ప్రకటనలు. చూడటానికి అచ్చం ప్రభుత్వ పేజీల్లాగే ఉంటాయి. రిజిస్ట్రీలో ప్రొఫైల్ తెరవడానికి డబ్బు కట్టనక్కరలేదు. ఈ దశలోనే ఎవరైనా ఫీజు అడిగితే మీరు వేరే చోటికి వచ్చారని అర్థం.

ఇక్కడ పేరు, చిరునామా, పుట్టిన తేదీ పెన్‌డాట్ (రాష్ట్ర రవాణా శాఖ) జారీ చేసిన లైసెన్సులో లేదా ఐడీ కార్డులో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఇవ్వాలి. మన పేర్లతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం వల్ల కొందరి లైసెన్సులో మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని, పేరంతా ఇంటిపేరు గడిలో వచ్చి ఉంటుంది. కొందరికి ఇంటిపేరు ముందు, పేరు వెనుక తారుమారై ఉంటాయి. వెంకట సత్య సూర్యనారాయణ వంటి పొడుగాటి పేరు మధ్యలో ఎక్కడో తెగి ఉంటుంది. ఆఫీసులో, బ్యాంకులో వాడే పేరును పక్కన పెట్టి, లైసెన్సును చేతిలో పట్టుకొని అందులో ఉన్నది ఉన్నట్లు, అది తప్పుగా ఉన్నా సరే, ఆ తప్పుతో సహా టైపు చేయండి. రిజిస్ట్రీ ఆ వివరాలను పెన్‌డాట్ రికార్డుతో పోల్చి చూస్తుంది. సరిపోలకపోతే దరఖాస్తు ముందుకు కదలదు.

ఇల్లు మారినవారు ముందు పెన్‌డాట్‌లో చిరునామా మార్చుకొని, ఆ మార్పు నమోదయ్యాకే ఇక్కడికి రావాలి. కార్డు పోస్టులో ఆ చిరునామాకే వస్తుంది. కారు నడపనివారు పెన్‌డాట్ ఇచ్చే ఫోటో ఐడీ తీసుకుంటే చాలు. ఈమెయిలు చిరునామా మాత్రం మీ సొంతది, రోజూ చూసేది ఇవ్వండి. ఆఫీసు ఈమెయిలు ఇవ్వకండి.

నమోదు పూర్తయ్యాక మీకు ఒక రోగి గుర్తింపు సంఖ్య వస్తుంది. దానిని రాసి పెట్టుకోండి. తరువాతి అడుగులో వైద్యుడికి అవసరమవుతుంది.

రెండో అడుగు: వైద్యుడి ధ్రువీకరణ

అమెరికాలో ఏ వైద్యుడూ మారిజువానాకు మామూలు ప్రిస్క్రిప్షన్ రాయలేడు. రాసేది ధ్రువీకరణ మాత్రమే: ఈ రోగికి చట్టంలో చెప్పిన ఫలానా జబ్బు ఉంది, మారిజువానా వల్ల ఇతనికి ఉపశమనం కలగవచ్చు అని. అది కూడా ఆరోగ్య శాఖ వద్ద ప్రత్యేకంగా నమోదై, 4 గంటల శిక్షణ పూర్తి చేసిన వైద్యులే ఇవ్వగలరు. వారి జాబితా ఆరోగ్య శాఖ పేజీలో ఉంటుంది.

మొదట మీ ఫ్యామిలీ డాక్టరునో, మీ జబ్బుకు చికిత్స చేస్తున్న స్పెషలిస్టునో అడగమని నా సలహా. వారు నమోదై ఉండకపోయినా, మీరు ఇలా అనుకుంటున్నట్లు వారికి తెలియాలి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారికి గంజాయితో రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. మూర్ఛకు క్లోబజామ్ వాడేవారిలో సీబీడీ ఆ మందు ప్రభావాన్ని పెంచుతుంది. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరుగుతుంది. కుటుంబంలో స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులున్నవారు, గుండె జబ్బున్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ విషయాన్ని వైద్యుడి దగ్గర దాచకూడదు. ఇంట్లో ఆయుర్వేద మందులు వాడుతుంటే అవి కూడా చెప్పండి.

మన కుటుంబాల్లో డాక్టర్లకు కొదవ లేదు. అయినా బావగారో, పెద్దమ్మగారి అబ్బాయో నమోదైన వైద్యుడు కదా అని వారి చేత రాయించుకోవాలనుకోవద్దు. వైద్యుడు తన కోసం గానీ, తన కుటుంబ సభ్యుల కోసం, ఇంట్లో ఉండేవారి కోసం గానీ ధ్రువీకరణ ఇవ్వకూడదని చట్టం నిషేధించింది.

అపాయింట్‌మెంటుకు వెళ్లేటప్పుడు జబ్బు నిర్ధారణ కాగితాలు, ఎంఆర్ఐ వంటి స్కానుల నివేదికలు, ఇప్పటివరకు వాడిన మందుల జాబితా, వాటిలో ఏది ఎందుకు మానేశారో రాసిన చిన్న చీటీ తీసుకువెళ్లండి. గుంటూరులోనో, హైదరాబాద్‌లోనో చికిత్స జరిగి ఉంటే ఆ డిశ్చార్జి సమ్మరీ కూడా పనికొస్తుంది. వైద్యుడు రాష్ట్రంలోని ప్రిస్క్రిప్షన్ల పర్యవేక్షణ డేటాబేసులో మీరు వాడుతున్న నియంత్రిత మందులను చూస్తాడు. ఇది మిమ్మల్ని అనుమానించి చేసే పని కాదు, చట్టం విధించిన బాధ్యత. వీడియో ద్వారా సంప్రదింపులకు కూడా 2021 సవరణ చట్టం తరువాత వీలుంది.

వైద్యుడి ఫీజును రాష్ట్రం నిర్ణయించదు, బీమా సాధారణంగా భరించదు. కనుక అపాయింట్‌మెంటుకు ముందే ఫీజు ఎంతో, ధ్రువీకరణ నిరాకరిస్తే ఎంత వెనక్కి ఇస్తారో అడగండి. నమోదైన వైద్యుడికి డిస్పెన్సరీల్లో ఆర్థిక ప్రయోజనం ఉండకూడదు, ధ్రువీకరణ ఇస్తానని ప్రకటనలు చేసుకోకూడదు. ఫలానా దుకాణంలోనే కొనమని ఒత్తిడి చేసే వైద్యుడిని, ఏ ప్రశ్నా అడగకుండా అయిదు నిమిషాల్లో సరేననే వైద్యుడిని నమ్మకండి.

మూడో అడుగు: ఫీజు, కార్డు

వైద్యుడు ధ్రువీకరణను రిజిస్ట్రీలో ఎక్కించాక, మీరు మళ్లీ లాగిన్ అయి 50 డాలర్ల ఫీజు కట్టాలి. మెడికెయిడ్, చిప్, స్నాప్, డబ్ల్యూఐసీ, పేస్, పేస్‌నెట్ వంటి సహాయ పథకాల్లో ఉన్నవారికి ఫీజులో ఊరట ఉంటుంది. ఆ గడిని గమనించకుండా దాటవేయకండి. కార్డు చేతికి వచ్చాక పేరు, గడువు తేదీ సరిచూసుకోండి. మందు మీ దగ్గర ఉన్నంతసేపూ కార్డు కూడా మీ దగ్గరే ఉండాలి.

నాలుగో అడుగు: డిస్పెన్సరీ, మొదటి మోతాదు

డిస్పెన్సరీ తలుపు దగ్గరే కార్డు చూపించాలి. అక్కడ మాత్రలు, నూనెలు, టింక్చర్లు, పూతమందులు, ఆవిరిగా పీల్చే రూపాలు దొరుకుతాయి. 2018 ఆగస్టు నుండి ఎండిన ఆకు కూడా ఇస్తున్నారు, అయితే దానిని ఆవిరి యంత్రంలో పెట్టి పీల్చడానికే అనుమతి. కాల్చి పొగ పీల్చడాన్ని ఈ చట్టం నిషేధించింది. బిస్కెట్లు, చాక్లెట్లు వంటి తినుబండారాల రూపంలో అమ్మరు. మొక్క ఇంట్లో పెంచుకోవడానికి వీల్లేదు. ఒకసారికి 90 రోజులకు సరిపడా వరకు కొనవచ్చు గాని, మొదటిసారి అంత కొనడం డబ్బు వృథా. ఏది మీ ఒంటికి పడుతుందో ఇంకా తెలియదు. క్రెడిట్ కార్డులు సాధారణంగా పనిచేయవు కనుక నగదో, డెబిట్ కార్డో ఉంచుకోండి.

డిస్పెన్సరీలో ఫార్మసిస్టు గానీ వైద్యుడు గానీ అందుబాటులో ఉండాలన్నది నిబంధన. కౌంటరు దగ్గర ఉండే ఉద్యోగి సలహాతో సరిపెట్టుకోకుండా, మొదటిసారి ఫార్మసిస్టుతోనే మాట్లాడాలని అడగండి. మీ మందుల జాబితా మళ్లీ చూపించండి. ఇంగ్లీషులో ఇబ్బందిపడే పెద్దవారైతే మాట్లాడగల మనిషిని ఎలా తోడు తీసుకువెళ్లాలో ముందే ఫోను చేసి కనుక్కోండి. కార్డు లేనివారిని లోపలికి రానివ్వకపోవచ్చు.

లేబుల్ చదవడం నేర్చుకోండి. దాని మీద టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత అని వేరువేరుగా ఉంటుంది. మత్తు కలిగించేది టీహెచ్‌సీ. ఎప్పుడూ వాడనివారు 2.5 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువ టీహెచ్‌సీతో, రాత్రి పడుకునే ముందు, ఇంట్లో మరొక మనిషి ఉన్నప్పుడు మొదలుపెట్టడం మంచిది. నోటి ద్వారా తీసుకున్నది పనిచేయడానికి అరగంట నుండి 2 గంటల దాకా పట్టవచ్చు. ప్రభావం 6 నుండి 8 గంటలు ఉండవచ్చు. ఎక్కువమందికి కష్టం వచ్చేది ఈ రెండు గంటల్లోనే. ముప్పావుగంట చూసి, ఏమీ కాలేదనుకొని మరో మోతాదు వేసుకుంటారు. తరువాత రెండూ కలిసి ఒక్కసారిగా పనిచేసి గుండె దడ, భయం, తల తిరగడం మొదలవుతాయి. ఆవిరిగా పీల్చినది నిమిషాల్లో పనిచేస్తుంది, త్వరగా తగ్గుతుంది. తేదీ, గంట, మోతాదు, నొప్పి ఎంత తగ్గిందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. రెండో సంప్రదింపులో వైద్యుడికి దానికంటే పనికొచ్చే కాగితం ఉండదు.

రోగి గానీ సంరక్షకుడు గానీ మింగడానికి వీలుగా మందును ఆహారంలో కలుపుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. నాన్నగారికి పెరుగన్నంలో నూనె చుక్కలు కలిపి పెట్టవచ్చు. కానీ ఆ గిన్నెలో రెండు ముద్దలు మిగిలి ఫ్రిజ్‌లోకి వెళితే, బడి నుండి వచ్చిన మనవడు దానిని తినేస్తాడు. కలిపినది అక్కడికక్కడే పూర్తి కావాలి, గిన్నె వెంటనే కడగాలి, సీసా ఎప్పుడూ దాని అసలు పెట్టెలో, తాళం వేసిన చోట ఉండాలి. పిల్లలు పొరపాటున తింటే సంకోచించకుండా విష చికిత్స సహాయ కేంద్రానికి 1-800-222-1222 నంబరుకు ఫోను చేయండి. మగత ఎక్కువగా ఉన్నా, ఊపిరి సరిగా ఆడకపోయినా 911కు చేయండి.

పిల్లలకు, బయటకు వెళ్లలేని పెద్దలకు: సంరక్షకులు

రోగి 18 ఏళ్ల లోపువారైతే తప్పనిసరిగా, కదలలేని పెద్దవారైతే వారి ఇష్టాన్ని బట్టి, రోగి తరఫున మందు కొని ఇచ్చే సంరక్షకుడిని నియమించుకోవాలి. ఒక రోగికి ఇద్దరు వరకు ఉండవచ్చు. సంరక్షకుడికి 21 ఏళ్లు నిండాలి, వేలిముద్రలతో నేర చరిత్ర పరిశీలన జరగాలి, విడిగా నమోదు చేసుకొని తన కార్డు తాను తీసుకోవాలి. గడచిన 5 ఏళ్లలో మాదకద్రవ్యాల అమ్మకానికి గానీ కలిగి ఉండటానికి గానీ సంబంధించిన నేరంలో శిక్షపడినవారిని అంగీకరించరు. వేలిముద్రల ఫలితం వచ్చేదాకా కార్డు రాదు కనుక, సంరక్షకుడి నమోదును రోగి నమోదుతో పాటే మొదలుపెట్టాలి.

ఇక్కడ చాలా తెలుగు ఇళ్లలో ఎదురయ్యే ఒక పరిస్థితి గురించి చెప్పాలి. పాప ఇక్కడే పుట్టింది, అమెరికా పౌరురాలు. ఆమెకు మందులకు లొంగని మూర్ఛ. తల్లి హెచ్‌4, తండ్రి హెచ్‌1బీ, గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిరీక్షణ. పాపకు కార్డు రావడంలో ఇబ్బంది లేదు. కానీ డిస్పెన్సరీకి వెళ్లి కొని, ఇంట్లో ఉంచి, రోజూ పట్టించేది తల్లిదండ్రులు. ఫెడరల్ చట్టం దృష్టిలో ఆ పదార్థాన్ని కలిగి ఉన్నది, అందించినది వారే. పాప పౌరసత్వం వారిని కాపాడదు. ఇలాంటి తల్లిదండ్రులు ముందుగా న్యూరాలజిస్టుతో ఎపిడియోలెక్స్ గురించి పూర్తిగా చర్చించాలి. బీమా కంపెనీ మొదట తిరస్కరిస్తే అప్పీలు చేయాలి. అదీ కుదరకపోతే, పౌరసత్వం ఉన్న మేనమామనో, పిన్నినో, నమ్మకమైన కుటుంబ స్నేహితురాలినో సంరక్షకులుగా పెట్టవచ్చు. తల్లిదండ్రులు సూచించిన మరొక వ్యక్తిని చట్టం అంగీకరిస్తుంది. అయితే మందు తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటే ముప్పు ఎంత మిగులుతుందన్నది మీ కాగితాలు చూసిన లాయరు మాత్రమే చెప్పగలరు. బిడ్డ మూర్ఛపోతుంటే ఈ లెక్కలన్నీ క్రూరంగా అనిపిస్తాయి, నిజమే. కానీ ఆ బిడ్డకు తల్లిదండ్రులు ఈ దేశంలో ఉండటం కూడా అంతే అవసరం.

ఉద్యోగం, కారు, తుపాకి, ప్రయాణం

కార్డు ఉందన్న ఒక్క కారణంతో ఉద్యోగం నుండి తీసివేయడాన్ని, వివక్ష చూపడాన్ని పెన్సిల్వేనియా చట్టం నిషేధించింది. పని వేళల్లో మత్తులో ఉండటానికి అది రక్షణ ఇవ్వదు. ఫెడరల్ ఉద్యోగులకు, సెక్యూరిటీ క్లియరెన్సు అవసరమైన ప్రాజెక్టుల్లో పనిచేసే ఐటీ వారికి, ఫెడరల్ రవాణా శాఖ పరీక్షల కిందికి వచ్చే ట్రక్కు డ్రైవర్లకు ఈ రక్షణ అక్కరకు రాదు. హైవోల్టేజీ విద్యుత్తు వంటి పనులు చేసేవారి రక్తంలో మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల కంటే ఎక్కువ టీహెచ్‌సీ ఉండకూడదని చట్టమే హద్దు పెట్టింది.

కారు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మత్తులో వాహనం నడపడాన్ని శిక్షించే పెన్సిల్వేనియా డీయూఐ చట్టం మొదటి షెడ్యూలు పదార్థం గానీ, అది శరీరంలో విచ్ఛిన్నమయ్యాక మిగిలే అవశేషం గానీ రక్తంలో ఎంత కొంచెం ఉన్నా నేరంగా చూసే పద్ధతిలో రాసి ఉంది. మత్తు దిగిపోయాక కూడా ఆ అవశేషం రోజుల తరబడి రక్తంలో ఉంటుంది. రోజూ 40 మైళ్లు కారులో ఆఫీసుకు వెళ్లే మనిషి, వైద్యుడిని అడగవలసిన మొదటి ప్రశ్నల్లో ఇది ఒకటి. తుపాకి కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473లో మారిజువానా వాడకం గురించి ప్రశ్న ఉంటుంది. ఇంట్లో తుపాకి ఉన్నవారు కార్డుకు ముందే లాయరుతో మాట్లాడాలి.

పొరుగున ఉన్న న్యూజెర్సీలో 2022 ఏప్రిల్ 21 నుండి 21 ఏళ్లు దాటినవారందరికీ అమ్ముతున్నారు. న్యూయార్క్, మేరీలాండ్, ఒహాయో, డెలావేర్‌లలోనూ అలాగే ఉంది. ధర తక్కువని క్యామ్‌డెన్‌లో కొని బెన్ ఫ్రాంక్లిన్ వంతెన దాటి ఫిలడెల్ఫియాకు తెచ్చుకుంటే, అక్కడ కొనడం చట్టబద్ధమైనా రాష్ట్ర సరిహద్దు దాటించడం ఫెడరల్ నేరమే. విమానంలో తీసుకువెళ్లవద్దు. ఇండియాకు అసలే వద్దు. భారతదేశంలో మాదకద్రవ్యాలపై 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. దానికి పెన్సిల్వేనియా కార్డుతో, ఓసీఐ కార్డుతో నిమిత్తం లేదు. ఆ చట్టం స్వల్ప పరిమాణంగా లెక్కించే కిలో లోపు గంజాయికి కూడా ఏడాది వరకు జైలు పడవచ్చు. శంషాబాద్‌లో దిగే ముందు చేతిసంచి అడుగున మరచిపోయిన వేప్ పెన్ను ఉందేమో ఇంట్లోనే చూసుకోండి.

పునరుద్ధరణ

ధ్రువీకరణ గరిష్ఠంగా ఏడాది ఉంటుంది, కార్డు దానితోనే ముగుస్తుంది. గడువుకు రెండు నెలల ముందే వైద్యుడి అపాయింట్‌మెంటు తీసుకోండి. మళ్లీ ధ్రువీకరణ, మళ్లీ 50 డాలర్లు. ఈ మధ్యలో చిరునామా మారితే పెన్‌డాట్‌లోనూ రిజిస్ట్రీలోనూ మార్చాలి. ఏడాది పాటు రాసుకున్న నోటుబుక్కు వైద్యుడికి చూపించి, నొప్పి నిజంగా తగ్గిందా, ఇతర మందులేమైనా తగ్గించగలిగారా అని కలిసి పరిశీలించండి. తగ్గకపోతే పునరుద్ధరించుకోవలసిన పని లేదు, గడువు తీరనిస్తే చాలు. మిగిలిన మందును ఎవరికీ ఇవ్వకుండా, ఎలా పారవేయాలో డిస్పెన్సరీ ఫార్మసిస్టునే అడగండి.